తవిటయ్య విడిచిన గిత్త

ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే భీమశంకరం పంతులుగారు చెప్పులు తొడుక్కునేవారు. ఆయన దగ్గర నిఘంటువు పని చేస్తున్న శిష్యుడు సుదర్శనానికి ఇదే ప్రాణసంకటం. ఇంట్లో కూర్చుని చెప్పగలిగిన దానికి ఊళ్లు తిప్పడమెందుకని అతని బాధ. ఆ రోజు అతను పట్టుకొచ్చిన మాట ‘విడుచు’. మైలబట్ట విడవడం, నిట్టూర్పు విడవడం, ప్రాణం విడవడం, పగ విడవడం, ఖైదీని విడవడం... ఇలా ముప్పై ఒక్క ప్రయోగాలు పోగుచేశాడు.

“గురువుగారూ, వీటన్నిటికీ మూలమైన అర్థం ఒకటి చెప్పండి. ఈ పుట అచ్చుకు పంపాలి” అన్నాడు.

పంతులుగారు చెప్పులు తొడుక్కున్నారు. సుదర్శనం లోలోపల తిట్టుకుంటూ వెంట నడిచాడు.

ఎండలో రెండు మైళ్లు నడిచి రైతు తవిటయ్య ఇంటికి చేరారు. దొడ్డిగోడ అవతల బీడులో ఒక గిత్త నిలబడి ఉంది. తవిటయ్యకు విషజ్వరం తగ్గితే సింహాద్రి అప్పన్న పేర దూడను విడుస్తానని అతని తల్లి మొక్కుకుంది. జ్వరం తగ్గింది, దూడను విడిచారు. ఆ ఏడే ఆమె పోయింది. తన పాత చీర చింపి, గోగునారతో కలిపి ఆమె పేనిన పలుపు మాత్రం దాని మెడకు అలాగే ఉండిపోయింది. రెండేళ్లలో గిత్త ఎదిగింది, పలుపు ఎదగలేదు. ఇప్పుడది కండలోకి దిగిపోయింది. ఇవాళో రేపో తియ్యకపోతే గిత్త దక్కదని పశువుల డాక్టరు చెప్పి, మందిచ్చి వెళ్లాడు. అదేమో తవిటయ్యను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

“తీసెయ్యి తవిటయ్యా” అన్నారు పంతులుగారు.

“నానెలా ముట్టుకుంతాను బావూ? ఎప్పుడో ఇడిసీసినాను. అది దేవుడి సొమ్ము.”

“అయితే మత్తుసూది వేయించి డాక్టరు చేత కోయిద్దాం.”

“కొయ్యకండి. అది మాయమ్మ పేనిన తాడు.”

సుదర్శనానికి ఒళ్లు మండింది. గిత్త దేవుడిదైతే తాడూ దేవుడిదే కదా అంటే, తాడు అమ్మదంటాడు. అమ్మదైతే కొడుకువు నువ్వే తియ్యవయ్యా అంటే, గిత్త దేవుడిదంటాడు. అరగంట ఇదే గోల. పైగా గోడ పక్కన తొట్టిలో అప్పుడే పోసిన కుడితి కనిపిస్తూనే ఉంది. “కుడితి పెట్టడానికి నీదీ, తాడు తియ్యడానికి దేవుడిదీనా?” అని కసిరాడు. తవిటయ్య తల దించుకున్నాడు గాని కదల్లేదు. పంతులుగారు నీడ చూసుకుని తాపీగా కూర్చున్నారు. ఆ తాపీ చూస్తే సుదర్శనానికి ఇంకా చిరాకేసింది.

అంతలో గిత్త తొట్టి దగ్గరికి వచ్చి మూతి ముంచింది. మింగబోయింది, గొంతు దిగలేదు. కుడితంతా ముక్కుల్లోంచి కారిపోయింది. మళ్లీ ముంచింది. మళ్లీ అంతే.

తవిటయ్య ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్లి కొడవలి తెచ్చాడు. దాని నుదురు నిమురుతూ, “ఓర్సుకో నాయినా, ఓర్సుకో” అంటూ పలుపు కోసి, కండలోంచి మెల్లగా లాగాడు. పుండుకు మందు పూశాడు. అంతసేపూ విసుక్కున్న సుదర్శనానికి ఏడుపు వచ్చినంత పనైంది. గిత్త కాసేపు అలాగే నిలబడి, నాలుగు గుక్కలు తాగి, బీడులోకి నడిచిపోయింది.

తవిటయ్య ఆ పలుపును నెత్తురు పోయేదాకా కడిగాడు. నీళ్లు పిండేసి, తన మెడ చుట్టూ వేసుకుని, ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

సుదర్శనం హుషారుగా కాగితం తీశాడు. “అర్థమైంది గురువుగారూ. రెండేళ్ల కిందట విడవలేదు, ఇప్పుడు విడిచాడు. ఇదే రాసి పంపేస్తాను.”

పంతులుగారు తవిటయ్య మూసుకున్న తలుపు వైపు చూశారు.

“గిత్త విడుదల మట్టుకు రాయి నాయనా. తవిటయ్యది ఇంకా కాలేదు, కింద కాస్త జాగా ఉంచు.”