రాజుగారి రెండు రంగుల పెట్టె

వెనకటికి, గోరింకలు కూడా తెలుగులోనే పోట్లాడుకునే రోజుల్లో, పృథులవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనకు తాంబూలమంటే ప్రాణం. ఆకువక్కలు దాచుకోవడానికి మంచి పెట్టె కావాలనుకున్నాడు. పసుపుపచ్చని పనసచెక్క, నల్లని తుమికిచేవ గళ్ళుగళ్ళుగా పొదిగి చెయ్యాలనీ, మెప్పించినవారికి కొత్తగా కట్టే నగరులో, అంటే రాజభవనంలో, వడ్రంగం పనంతా ఇస్తాననీ చాటింపు వేయించాడు.

ముగ్గురు ముందుకొచ్చారు.

నరసోజు సోమరి. బూరుగుచెక్కతో పెట్టె బిగించి, సగం గళ్ళకు పసుపు, సగం గళ్ళకు మసి పూశాడు.

కేతోజు పిసినారి. మామిడిచెక్క మీద తమలపాకంత పలుచని పనస, తుమికి రేకులు బంకతో అంటించాడు.

మూడో మనిషి వీరాంబ. ఆ ఏటి గాలివానకు ఆమె ఇంటి కప్పు ఎగిరిపోయింది. ఈ పని దొరక్కపోతే వచ్చే వానకు పిల్లలతో తడవాల్సిందే. అయినా తొందరపడలేదు. నెల్లాళ్ళు గట్టి పనస, తుమికి చెక్కలనే కోసి, పొదిగి, అద్దంలా నునుపు చేసింది. చివర్లో ఉలి జారి ఒక మూల వెంట్రుకవాసి సందు పడింది. తుమికిచేవ ముక్కతోనే దాన్ని పూడ్చింది.

సభలో నరసోజు తన పెట్టెలో దోషం వెతికినా దొరకదన్నాడు. కేతోజు తనది దేవతలు చేసినట్టుందన్నాడు. వీరాంబ మాత్రం ఆ మూల మీద వేలు పెట్టి చూపింది.

"మహారాజా, ఇక్కడ నా ఉలి జారింది. పూడ్చాను గానీ, తమకు చెప్పకుండా ఇవ్వలేను."

సభంతా నవ్వింది. రాజు పెదవి విరిచి, నరసోజు పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడే ఆకుకు సున్నం రాసిన వేళ్ళతో దాన్ని ముద్దుగా నిమిరాడు. సున్నం తగిలితే పసుపు ఊరుకుంటుందా? ఎర్రబారింది. రాజు తన వేళ్ళు చూసుకుని, తెగాయనుకుని, సింహాసనంలోనే సొమ్మసిల్లాడు.

వైద్యుడు వేడినీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చి, కంగారులో ఆ నీళ్ళన్నీ మిగతా రెండు పెట్టెల మీద ఒలకబోశాడు. కేతోజు రేకులు అప్పడాల్లా ఉబ్బి లేచాయి. వీరాంబ తన పెట్టెను కొంగుతో తుడిచింది. అది ఇంకాస్త మెరిసింది.

అది నెత్తురు కాదు పసుపని తెలిశాక రాజు లేచి కూర్చున్నాడు. తప్పు చెబితే పని దక్కదని భయం వెయ్యలేదా అని వీరాంబను అడిగాడు.

"వేసింది ప్రభూ. కానీ ఆ ఒక్క మూల రేపు తమకే కనబడితే, మిగిలిన మూడు మూలలనూ తమరు నమ్మరు కదా."

రాజు మొదట ఆమె ఇంటికి కప్పు వేయించి, ఆపైన నగరు పని అప్పగించాడు. మిగిలిన ఇద్దరికీ కూడా పని దొరికింది: పసుపంటిన రాజుగారి పంచె తెల్లబడేదాకా ఉతకడం.

నీతి: పైపూత ఒక్క పూట నిలుస్తుంది, తన లోపం తానే చెప్పుకున్నవారి పని కలకాలం నిలుస్తుంది.