ఊడివచ్చే రింగులు

తుపాకి పట్టుకుని తన దగ్గరికి వచ్చినవాణ్ణి విఠల్ సారు మొట్టమొదట కళ్ళు మూసుకోమంటారు. గురి నేర్చుకుందామని వచ్చినవాడికి ఇది విడ్డూరంగానే ఉంటుంది. కళ్ళు మూసుకునే తుపాకి ఎత్తి భుజానికి ఆనించాలి. చెంపను తుపాకి వెనకవైపు కర్ర మీద వాల్చి, మెడ ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడ వదిలెయ్యాలి. అప్పుడు కళ్ళు తెరవాలి. దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోపు అద్దం నిండా వెలుగు కనిపిస్తే దాన్ని పట్టి ఉంచిన రింగులు ఆ మనిషికి కుదిరినట్టు. అంచున నల్లని నీడ కమ్మి, దాన్ని తప్పించుకోవడానికి మెడ సాచాల్సివస్తే కుదరనట్టు. "తుపాకి కోసం మెడ వంచుడు కాదు బిడ్డా, మెడను చూసి రింగు ఎంచుకోవాలె" అంటారు. అంగడిలో అన్నిటికంటే మెరిసేవి ఏరుకొచ్చినవాళ్ళ మొహాలు ఆ మాటకి చిన్నబోతాయి.

ఆయన పోలీసు శిక్షణలో చాలాకాలం గురి నేర్పి, రిటైరై గోదావరి పక్క పల్లెలో ఇల్లు కట్టుకున్నారు. అడవిపందులు చేలను నాశనం చేస్తున్నాయని రైతులు మొరపెట్టుకున్నప్పుడల్లా, అటవీశాఖ అనుమతితో ఆయన్నే పిలుస్తారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకున్న పేరు ఇంతా అంతా కాదు. చేను వైపు నుంచి ఒక్క తుపాకి చప్పుడు వినిపిస్తే చాలు, పంది పడిందని జనం ఖాయం చేసుకుంటారు. రెండో చప్పుడు కోసం ఎవరూ చెవి ఒగ్గరు. ఆ పేరు విని సారు ఎప్పుడూ మురిసిపోయినట్టు కనిపించలేదు. ఇంకొంచెం ముఖం ముడుచుకునేవారు, అంతే.

ఆయన శిష్యుల్లో ప్రభంజన్ ఒకడు. కాలేజీలో ఆటలు నేర్పే మాస్టరు. కాగితం గురి మీద రాష్ట్రస్థాయిలో పతకాలు తెచ్చుకున్నవాడు. పందుల వేటకి అనుమతి కొత్తగా చేతికొచ్చింది. తుపాకి ఉంది, ముందువైపు పెద్ద అద్దమున్న స్కోపూ కొన్నాడు. ఇక రెండింటినీ కలిపే రింగులే మిగిలాయి. వాటిని ఎంచుకోవడం తేలిక పని అనుకుని, రకరకాల జతలు గుడ్డలో మూటగట్టుకొచ్చి సారు మంచం మీద పరిచాడు.

పొడుగు రింగుల్లో బిగించి కళ్ళు మూసి తెరిస్తే నల్లని నీడ తప్ప ఏమీ కనబడలేదు. అద్దం మరీ ఎత్తులో ఉంది, అందుకోవాలంటే చెంప కర్రను వదిలి గాల్లో తేలాల్సిందే. పొట్టి రింగుల్లో పెడితే ముందరి అద్దం తుపాకి గొట్టానికి తగిలి కూర్చుంది. సారు మరో జత తీసి బిగించి, అద్దానికీ గొట్టానికీ నడుమ ఒక కాగితం ముక్క దూర్చి అటూ ఇటూ లాగారు. కాగితం తేలిగ్గా కదిలింది. "సరిపోయింది. ఇంతకంటే ఎత్తు నీ మెడకు శిక్ష" అన్నారు.

ఎత్తు తేలిపోయింది కానీ అసలు తకరారు అప్పుడే మొదలైంది. ఆ ఎత్తులో రెండు రకాలున్నాయి. ఒక రకం స్క్రూలతో బిగిస్తే ఇక కదలదు. రెండో రకానికి పక్కన చిన్న మీటలుంటాయి, బొటనవేలితో తిప్పితే స్కోపు మొత్తం ఊడి చేతికొస్తుంది. ప్రభంజన్ చెయ్యి స్క్రూల వైపే పోయింది. పోతూపోతూ గోడకి ఆనించి ఉన్న సారు తుపాకి మీద అతని చూపు పడింది. దానికి మీటల రింగులున్నాయి, రంగు వెలిసి, వేలు తగిలి తగిలి నునుపెక్కి.

"సారూ, ఒక్క మాట అడుగుత, కోపం జేసుకోవద్దు" అన్నాడు ప్రభంజన్. "మీ గురి తప్పదని ఊరూరా అంటరు. మరి అద్దం ఊడదీసే ఏర్పాటు మీకెందుకు? తప్పుతదని ముందే అనుకున్నోడు గదా అసుంటిది పెట్టుకునేది? నమ్మకమున్నోడు గట్టిగ బిగించి మర్చిపోవాలె. తీసి పెడితే గురి చెదరదా?"

సారు చివరి ప్రశ్నకే జవాబిచ్చారు, అదీ నోటితో కాదు. అతణ్ణి పాత క్వారీకి తీసుకుపోయి, అట్టముక్క మీద తన తుపాకి ఒకసారి పేల్చి, మీటలు తిప్పి స్కోపు ఊడదీసి, మళ్ళీ పెట్టి ఇంకోసారి పేల్చారు. రెండో గుండు మొదటిదాని పక్కనే ఆనుకుని దిగింది. ప్రభంజన్ కూడా స్క్రూలు బిగించుకుని తన గురి సరిచూసుకున్నాడు.

"రేపు పొద్దుగాల రాజవ్వ మక్కచేన్ల కూసుందాం. నీకు నచ్చిన రింగులతోనే రా" అన్నారు ఇంటిదారి పట్టాక.

రాజవ్వ సంగతి ఆ పక్క ఊళ్ళన్నిటికీ తెలుసు. కిందటేడు ఇదే చేలో పంది కొట్టి ఆమె కొడుకు కాలు విరిగింది. వాడు ఇప్పటికీ కర్ర ఊతంతో నడుస్తున్నాడు. ఈ ఏడు మొక్కజొన్న విరగకాసింది, కంకులు ఎండి కోతకొచ్చాయి. కోసుకోవాల్సింది ఆమే. రోజూ తెల్లారేసరికి ఒక మూల పందులు తొక్కిపోయి ఉంటే, రాజవ్వ కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడి తిట్లు లంకించుకునేది. సారు వస్తున్నారని తెలిసి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "నేను పిలిచినంకనే చేన్లకు రావాలె" అని సారు గట్టిగా చెప్పారు. ఆమె గట్టిగానే తలూపింది.

తెలతెలవారుతుండగా గురుశిష్యులిద్దరూ మంచె మీద కూర్చున్నారు. గాలికి ఎండిన మక్కాకులు గలగలమంటున్నాయి. కొంతసేపటికి చేను అంచున ఒక నల్లని మూపు కదిలి, బయటికొచ్చి, అడ్డంగా నిలబడింది. బాగా బలిసిన మగపంది. ప్రభంజన్ తన స్కోపులోంచి చూస్తే దాని వెన్ను మీది వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. పక్కన సారు తన తుపాకితో గురి చూసి ఊపిరి ఆపడం అతనికి తెలిసింది.

తుపాకి పేలింది. సరిగ్గా ఆ క్షణాన పంది మెడ తిప్పి మలుపు తీసుకుంది. ఒళ్ళు జలదరించి, ఒక్క గెంతులో మక్కల్లోకి దూరి మాయమైంది.

"తప్పింది" అన్నారు విఠల్ సారు.

ప్రభంజన్ నమ్మలేకపోయాడు. "తగిలింది సారూ! నేను కళ్ళార చూసిన."

"తగిలింది. తగలాల్సిన తాన తగల్లే."

ఆ మాట ఆయన ఎంత తొందరగా, ఎంత మామూలుగా అన్నారంటే, ప్రభంజన్‌కే సిగ్గేసింది. పోటీలో గుండు పక్కకి పోయినప్పుడల్లా గాలినీ, వెలుతురునీ, పక్కవాడి దగ్గునీ తిట్టుకోవడం అతనికి అలవాటు. ఈయన కనీసం తుపాకి వంక కూడా అనుమానంగా చూడలేదు.

గాయపడ్డ పంది వెంట వెంటనే పోకూడదు. కాసేపు వదిలేస్తే ఎక్కడో ఒకచోట కూలబడుతుంది. సారు అదే ఉద్దేశంతో ఆగమని చెయ్యి చూపించారు. ఇంతలో చేను ఆ చివరి నుంచి ఉషారుగా ఒక గొంతు వినిపించింది.

"పడ్డదా సారూ?"

రాజవ్వ! ఒక్క చప్పుడు వింది. విఠల్ సారు తుపాకి చప్పుడు. ఇక పిలుపు కోసం ఆగేదేముంది? అటు చివరన మక్కకంకులు ఒకదాని తర్వాత ఒకటి ఊగుతున్నాయి. ఆమె కొడవలితో ఆకులు పక్కకి తోసుకుంటూ పంది దూరిన వైపే నడిచి వస్తోంది. "ఆగు రాజవ్వా! ఆడ్నే ఆగు!" అని సారు కేక పెట్టారు. ప్రభంజన్ కూడా గొంతు చించుకున్నాడు. ఎండుటాకుల గలగలలో ఆ కేకలు ఆమెదాకా పోలేదు. ఊగే కంకులు ఆగలేదు.

సారు మంచె దిగడం, ఆయన బొటనవేలు రెండు మీటలనూ తిప్పడం ఒక్కసారే జరిగాయి. స్కోపు ఊడి చేతికొచ్చింది. దాని కింద ఇన్నాళ్ళూ దాక్కుని ఉన్న, వట్టి కంటితో దగ్గరివాటికి గురి చూసుకునే ఇనుప ముల్లు బయటపడింది. "ఇది పట్టు. గట్టెంబడి ఉరికి ఆమెను ఆపు" అని స్కోపును వెనకే దిగిన శిష్యుడి చేతిలో పెట్టి, ఆయన మక్కల్లోకి దూరిపోయారు.

ప్రభంజన్ ఊరుకోలేక తన తుపాకి భుజానికెత్తి చూశాడు. దూరాన ఉన్న వెంట్రుకలు లెక్కపెట్టించిన ఆ గొప్ప అద్దంలో ఇప్పుడు, ఇంత దగ్గరలో, ఎండుటాకుల మసక తప్ప ఏమీ లేదు. ముందున్నది ఆకో, పందో, మనిషో తెలియదు. ఊడదీద్దామంటే స్క్రూలు విప్పే పనిముట్టు ఇంట్లో డబ్బాలో ఉంది. ఇంత ఖరీదైన సరంజామా మోసుకొచ్చి కూడా ఆ నిమిషాన తను ఎందుకూ కొరగానివాడని అతనికి అర్థమైంది. తుపాకిని భుజాన తగిలించుకుని గట్టు వెంట పరుగెత్తాడు.

అడ్డంపడి వెళ్ళి రాజవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "ఏందయ్యా, ఏమైంది?" అని ఆమె విదిలించుకోబోయింది. అప్పుడే ఎదురుగా మక్కకర్రలు ఫెళఫెళా విరిగాయి. నెత్తురోడుతున్న పంది తల దించుకుని నేరుగా వాళ్ళ మీదికి వస్తోంది. రాజవ్వ చేతిలోంచి కొడవలి జారింది. ప్రభంజన్ ఆమెను వెనక్కి లాగాడు. ఇద్దరూ కాలు తట్టుకుని చతికిలబడ్డారు.

పక్క సాలులోంచి విఠల్ సారు బయటికొచ్చి, పందికీ వాళ్ళకీ నడుమ నిలబడ్డారు. తుపాకి లేచింది. చెంప కర్ర మీద వాలింది. రోజూ కళ్ళు మూసుకుని వాల్చిన చోటే వాలింది. రింగులు ఎత్తుగా లేవు గనక అద్దం ఉన్నా లేకపోయినా ఆ చెంపకి చోటు మారలేదు. ఆ కంగారులోనూ ప్రభంజన్‌కి అది స్పష్టంగా కనిపించింది. తుపాకి పేలింది. పంది ముందుకాళ్ళు మడిచి, మట్టి దున్నుకుంటూ జారి, ఆయన చెప్పులకి కాస్త దూరంలో ఆగిపోయింది.

ముందుగా తేరుకున్నది రాజవ్వే. లేచి చీర దులుపుకుని, సారు మీదికి లేచింది.

"ఏంది సారూ, ముసలోనివైనవా? ఒక్క పందికి రెండు దెబ్బలా?"

"మొదటిది తప్పింది రాజవ్వా" అన్నారాయన.

"నువ్వు తప్పుతవని నేనెట్ల అనుకుంట? ఒక్క చప్పుడైంది, ఇంకేం భయమని వచ్చిన." ఈసారి ఆమెకి ఏడుపొచ్చేసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

గురువు మాట పోతోందని ప్రభంజన్ కలగజేసుకున్నాడు. "సారుది తప్పు గాదు రాజవ్వా, పంది సరిగ్గ అప్పుడే తిరిగింది" అన్నాడు.

"పందన్నంక తిరుగుతది. దాని తప్పేం లేదు" అని విఠల్ సారు ఆ మాటని అక్కడే తుంచేశారు. వంగి మట్టిలో పడిన కొడవలి తీసి, దులిపి, రాజవ్వ చేతికిచ్చారు. ఆమె ముక్కు చీది, పందిని ఒక తిట్టు తిట్టి, ఆ పక్క సాలులో కోత మొదలుపెట్టింది.

మంచె దగ్గరికి తిరిగొచ్చాక ప్రభంజన్ తన చేతుల్లోకి చూసుకున్నాడు. పరుగులోనూ పడిపోవడంలోనూ కూడా సారు స్కోపును గుండెకి అదుముకునే ఉన్నాడు. ఆయన గురి మీద ఇన్నేళ్ళుగా ఉన్న గౌరవం అలాగే ఉంది. కానీ ఈ పొద్దు ఆయన కాళ్ళు మొక్కాలనిపించింది మాత్రం గురికి కాదు. 'తప్పింది' అన్న ఆ ఒక్క మాటకీ, ఆ మాట కోసం ఏ కాలంనుంచో సిద్ధంగా ఉన్న ఆ బొటనవేలికీ. తన నిన్నటి ప్రశ్న ఇప్పుడు అడిగేదీ కాదు, అడక్కుండా ఉండేదీ కాదు అనిపించింది.

"సారూ, ఆ రింగులు..." అని ఆగిపోయాడు.

విఠల్ సారు స్కోపు అందుకుని, అద్దం మీది దుమ్ము ఊది, తుపాకి మీద కూర్చోబెట్టి మీటలు తిప్పారు. చేను లోపలి నుంచి కొడవలి చప్పుడు ఒక తీరుగా వినిపిస్తోంది. కొంచెంసేపు ఆయన అటే చెవి పెట్టి విన్నారు.

"అద్దం నా కోసం పెట్టుకున్న" అన్నారు. "మీటలు ఆమె కోసం."