తొండకు తల ఊపే కొలువు

ఒకప్పుడు తొండ మెడ గుంజలా నిటారుగా ఉండేది. ఎంతటివాళ్లు ఎదురొచ్చినా ఊగేది కాదు.

ఆ రోజుల్లో డిండిమసేనుడనే చక్రవర్తి ఏలుతుండేవాడు. ఆయనకు పూటకో ఆలోచన వచ్చేది. ప్రతిదానికీ సభలో అందరూ "ఔను" అనాలి. అంతమందీ ఒకేసారి అరిస్తే ఆయన చెవులు గింగురుమనేవి. అందుకని, నోరు తెరవకుండా తల ఊపేవాణ్ని ఒకణ్ని పెట్టుకుందామనుకున్నాడు.

ముళ్లయ్య అనే తొండ ఆ కొలువుకు కుదిరాడు. జీతం పూటకు దోసెడు చీమలు. బాగా బలిసినవి.

"వద్దయ్యా," అంది అతని భార్య సన్నెమ్మ. "మన కంచె మీద చీమలు లేవా?"

"కంచె మీదివి పరిగెత్తి పట్టుకోవాలే! ఇవి పళ్లెంలో వస్తాయి."

కష్టపడకుండా వచ్చే తిండి మీదికి మనసు పోయిందంటే, ఇక ఎవరి మాటా చెవికెక్కదు.

మర్నాటినుంచి ముళ్లయ్య సింహాసనం పక్కన పట్టుదిండు మీద కూర్చున్నాడు.

"ఆవులన్నీ మీసాలు పెంచాలి!" అన్నాడు చక్రవర్తి. ముళ్లయ్య తల ఊపాడు.

"రేపటినుంచి నేను లేచాకే సూర్యుడు లేవాలి!" ఊపాడు.

"సముద్రం మరీ తడిగా ఉంది. ఆరబెట్టించాలి!" గబగబా రెండుసార్లు ఊపాడు. ఆ పూట చీమలు రెండు దోసిళ్లు వచ్చాయి.

ఇలా ఏడేళ్లు గడిచాయి. ఒకరోజు చక్రవర్తి కిటికీలోంచి చూసి, "కోట వెనక ఆ ఇసుకదిబ్బ దేనికి? ఇప్పుడే ఏనుగులతో తొక్కించండి. అక్కడ నా తలపాగాలకు పడకగది కట్టిద్దాం!" అన్నాడు.

ముళ్లయ్య తల ఊపాడు. ఊపాక గుర్తొచ్చింది. సన్నెమ్మ పదహారు గుడ్లు పెట్టింది ఆ దిబ్బలోనే!

కాదని తల అడ్డంగా తిప్పబోయాడు. మెడ తిరగలేదు. కిందికీ పైకీ, కిందికీ పైకీ, అంతే.

"భేష్! వీడికి ఎంత సంతోషమో చూడండి!" అన్నాడు చక్రవర్తి. బయట ఏనుగులు కదిలాయి.

మొగుణ్ని చూడ్డానికి వచ్చి కిటికీ మీద కూర్చున్న సన్నెమ్మ ఇదంతా విని, ఒక్క దూకు దూకి చక్రవర్తి ముక్కు మీద పడింది.

"కాదు!" అని అరిచింది.

చక్రవర్తి రెండు కళ్లూ ముక్కు మీదికి తిప్పి చూశాడు. "ఆ మాట నేనెప్పుడూ వినలేదే! అది దేనికి పనికొస్తుంది?"

"చెబుతాను ప్రభూ. తమరు కుంటుతున్నారెందుకు?"

"వయసు మీదపడి. ముళ్లయ్య కూడా ఔనన్నాడు."

"వయసు కాదు. కుడిచెప్పు ఎడమకాలికి వేసుకున్నారు."

చక్రవర్తి చెప్పులు మార్చుకున్నాడు. లేచి నడిచాడు. గంతేశాడు. తర్వాత ముళ్లయ్య వైపు తిరిగాడు.

"ఏడేళ్లు కుంటుతూ నడిచానురా! నీకు ముందే తెలుసా?"

ముళ్లయ్య తల ఊపాడు.

చక్రవర్తి ఏనుగులను వెనక్కి పిలిపించాడు. గుడ్లు బతికాయి. ముళ్లయ్య కొలువు ఊడింది. ఇంటికి పోయే దారంతా సన్నెమ్మ ఒక్క మాటా అనలేదు. తిట్టినా అంత సిగ్గేసేది కాదేమో, అతని మెడ ఎర్రగా కందిపోయింది.

అప్పటినుంచే మగతొండ ఎవరూ ఏమీ అడగకపోయినా కంచె మీద కూర్చుని తల ఊపుతుంది. ఉండుండి దాని మెడ ఎర్రబడుతుంది. ఈసారి కనబడితే రాళ్లు వేయకండి. "తప్పు నీదేనా?" అని అడిగి చూడండి. దానికి మాత్రం సరిగ్గానే ఊపుతుంది.