ఈరక్క రోలు చప్పుడు

అనగనగా ఒక కొండకోట. ఎప్పటిదని అడగొద్దు, మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన మాట. ఆ కోటలో గుర్రాల లాయం చిమ్మే ముసలిది ఈరక్క. నోట్లో ఒక్క పన్ను లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా పావురాయి. అది ఆమె పెంచిన ఆడగుర్రం. ఆమెలాగే ముసలిది.

ఆ ఏడు పావురాయి చిక్కిపోయింది. లాయం పెద్ద తిప్పన్న వచ్చి చెప్పాడు.

"ఈరక్కా, జాతరనాడు దొర గుర్రాల్ని చూస్తాడంట. ఎముకలు తేలినదాన్ని కొండవతల వదిలేసి రమ్మన్నాడు. ఎండాకాలం గడ్డి చాలదంట."

"కొండవతల తోడేళ్ళుండాయి కద నాయనా."

తిప్పన్న తల దించుకుని వెళ్ళిపోయాడు. ఈరక్క నేరుగా పావురాయి దగ్గరికి పోయింది.

దిష్టి తగిలిందేమో అనుకుంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఘాటెక్కవంటారు. ఇక్కడ లాయమంతా ఘాటు. గుర్రాలు తుమ్మాయి, తిప్పన్న తుమ్మాడు. దిష్టి కాదని తేలేసరికి ఈరక్కకు ఇంకా భయమేసి గుర్రం డొక్కల మీద చెయ్యి వేసింది. పక్క తడిమింది. ఎముకలే తగిలాయి.

ఆకలేమో అనుకుంది. నానిన ఉలవలు రెట్టింపు పెట్టింది. తిన్న ఉలవలు తిన్నట్టే లద్దెలో పడ్డాయి. పక్క తడిమింది. ఎముకలే తగిలాయి.

వాగు దాటి వెళ్ళి లేత పచ్చగడ్డి కోసుకొచ్చింది. పావురాయి ఆశగా నమిలింది, నమిలింది, ఉండలు చేసి కింద వదిలేసింది. పక్క తడిమింది. ఎముకలే తగిలాయి.

జాతరకు నెలే మిగిలింది. అమ్మవారి గుడికి సున్నం కొడుతున్నారు. ఈరక్కకు అన్నం సయించలేదు. ఆకువక్కైనా వేసుకుందామని చిన్నరోలు ముందేసుకుంది. పళ్ళు లేనివాళ్ళు దంచుకునే కదా వేసుకునేది. దంచుతూ దంచుతూ ఆ గడ్డి ఉండల వైపు చూసింది. చెయ్యి ఆగిపోయింది.

"ఓసి నా తల్లీ, నీకూ పళ్ళు పోయినాయా. నాకు చెప్పవేమే."

గుర్రం ఏం చెబుతుంది, పాపం.

ఆ పూట నుంచి ఉలవలు మెత్తగా ఉడకబెట్టి, పావురాయి పక్కనే కూర్చుని అదే రోట్లో దంచి, తవుడూ బెల్లమూ కలిపి జావ చేసింది. ఒక్కసారే పెడితే కడుపునొప్పి వస్తుందని పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం, సాయంత్రం కొంచెం పెట్టింది. వయసులో ఉన్న గుర్రాలు మూతి పెట్టకుండా అడ్డంగా నిలబడింది. రోజూ పక్క తడిమేది. ఎముకలే. కండ పట్టడమంటే గబగబా అయ్యే పనా? ఆ దిగులుకు ఈరక్క మాత్రం గబగబా సన్నబడింది.

జాతర రానే వచ్చింది. దొర వరసగా చూసుకుంటూ పావురాయి దగ్గర ఆగాడు. పక్క తడిమాడు. దొర చేతికి ఎముక తగిలింది. దాని మీద కొంచెం కండా తగిలింది. మళ్ళీ తడిమాడు.

"ఇది ఉండనీ," అన్నాడు.

ఈరక్క అక్కడే కూలబడి ఏడ్చింది.

మరుసటేడు ఈరక్క పోయింది. పావురాయి జావ ముట్టలేదు. తిప్పన్న బతిమాలాడు, ముట్టలేదు. బెల్లం ఎక్కువ వేశాడు, ముట్టలేదు. చివరికి ఈరక్క చిన్నరోలు తెచ్చి పక్కన కూర్చుని దంచాడు. ఆ చప్పుడుకు పావురాయి తల తిప్పి చూసింది. మెల్లగా తొట్టిలో మూతి పెట్టింది.

ఇప్పుడు ఆ కోటా లేదు, ఆ గుర్రాలూ లేవు. కానీ ఆ కొండకింది ఊళ్ళలో ముసలి ఎద్దుకైనా, పళ్ళూడిన మనిషికైనా ముద్ద మెత్తగా చేసి పెట్టేముందు ఖాళీ రోట్లో మూడుసార్లు దంచుతారు. "ఈరక్క పక్కనే ఉంది, తిను," అంటారు.

మా అవ్వ చివరి రోజుల్లో ఆ చప్పుడు వింటేనే నోరు తెరిచేది.