మూడో రోజు చేగోడీ

ఇలా జరుగు తల్లీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఈ పూట పప్పన్నం నమలకుండా గుటుక్కున మింగేశావు, నేను చూడలేదనుకున్నావా? అందుకే ఈ కథ.

అనగనగా కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో ఒక అక్కా, తమ్ముడూ ఉండేవాళ్ళు. తమ్ముడి పేరు కోటిలింగం, ఆరేళ్ళవాడు. అక్క పేరా? తర్వాత చెప్తాలే, అడ్డం రాకు.

ఒక వానాకాలం కోటిలింగానికి టైఫాయిడ్ వచ్చింది. అప్పట్లో సన్నిపాతం అనేవాళ్ళు. ఇరవై ఒక్క రోజులు లంఖణాలు. గుక్కెడు బార్లీ నీళ్ళు తప్ప ఏమీ లేదు. వాడి మొహంలో కళ్ళే మిగిలాయి. ఆ తర్వాత జ్వరం దిగింది. గండం గడిచిందనుకున్నారు.

అప్పుడు వైద్యులు అవధానులుగారు వాళ్ళమ్మకి చెప్పారు. "అమ్మా, పళ్ళు అన్నాన్ని నూరతాయి. పొట్ట దాన్ని పులుసు పోసి చిలికి జావ చేస్తుంది. ఆ జావ పేగులోకి దిగుతుంది. పేగు లోపల గోడంతా సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగే సారం పీల్చి నెత్తురుకి అందిస్తుంది. మీవాడి పేగు జ్వరానికి పుండైపోయింది, తడిసిన కాగితంలా ఉంది. పది రోజులు గంజే పథ్యం. గట్టిది తగిలితే చిరుగుతుంది."

గుమ్మంలో నిలబడి అక్క అంతా వింది.

మొదటి రోజు గంజి తాగి కోటిలింగం అక్క చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, ఒక్క చేగోడీ." తప్పు నాన్నా అంది. రెండో రోజు అడగలేదు, ఉట్టి మీద చేగోడీల డబ్బా వంకే చూస్తూ పడుకున్నాడు. మూడో రోజు ఏడ్చాడు. ఏడవడానికీ ఓపిక లేదు పిల్లాడికి. నోరు తెరిచాడంతే, చప్పుడు రాలేదు.

అప్పుడు ఆ అక్కకి తెలివి పుట్టింది. పాడు తెలివి. పళ్ళే బాగా నూరితే పేగుకి పనేముందిలే అనుకుంది.

"ముప్పై రెండు సార్లు నములుతావా?"

"నీ మీదొట్టు."

అమ్మ దొడ్లో బట్టలు ఉతుకుతోంది. అక్క చేగోడీ ఇచ్చి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. దొడ్లో బిందె చప్పుడైంది. అక్క అటు చూసి ఇటు తిరిగేసరికి వాడి నోరు ఖాళీ. మూడు వారాల ఆకలి కదా, ఎలా ఆగుతుంది? పైగా నవ్వాడు.

సాయంత్రానికి పొట్ట రాయిలా బిగిసింది. అవధానులుగారు నాడి చూసి తల దించుకున్నారు. తెల్లారేసరికి కోటిలింగం లేడు.

ఎవరు పెట్టారని వాళ్ళమ్మ అడగలేదు. అడిగుంటే బావుండేది. ఆ తర్వాత డబ్బా దించి, చేగోడీలన్నీ కాకులకి వేసింది. ఆ ఇంట్లో మళ్ళీ చేగోడీలు వండలేదు.

ఏడవకు. ఆ అక్క ఏమైందంటావా? ముసలిదైంది. రోజూ నీ కంచం పక్కన కూర్చుని ముద్దముద్దకీ లెక్కపెడుతుంది. "నమిలానమ్మమ్మా, విసిగించకు" అని కసురుతావే, ఆవిడే. మూడు అన్నాక ఇప్పటికీ నీ నోట్లోకి చూసిగానీ నాలుగు అనదే తల్లీ.

కథ పోయె కంచికి, బువ్వ పోయె పేగుకి,
కంట్లో నీళ్ళు కొంగుకి, నా తల్లి పోయె నిద్దరకి.