చిలక ముద్ర తొట్టె

అనగనగనగా, మీ తాతల తాతలు ఇంకా తొట్టెల్లో పడుకుని కాళ్ళు ఆడిస్తున్న రోజుల్లో, తొట్లపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊరి వడ్రంగులు ఉయ్యాల తొట్టెలు కట్టేవారు. రాజుగారి కోటలో ఊగినా, రైతు పూరింట్లో ఊగినా అది తొట్లపాలెం తొట్టే. తలవైపు పట్టె మీద చిలక ముద్ర ఉంటే చాలు, తల్లి తన బిడ్డను అందులో వేసి నిశ్చింతగా పొయ్యి దగ్గరికి వెళ్ళేది.

ఊరికే వచ్చిందా ఆ పేరు? ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. తొట్టె కట్టడం పూర్తి కాగానే సన్నికల్లు పొత్రాన్ని పాతచీరలో చుట్టి అందులో పడుకోబెట్టేవారు. దాన్ని రాతిబిడ్డ అనేవారు. జోలపాట పాడుతూ రాతిబిడ్డను గట్టిగా ఊపేవారు. చీల కదలకుండా, పట్టె కిర్రుమనకుండా ఉంటే, అప్పుడు తొట్టె కట్టినవాడు తన ఇంటి బిడ్డను తెచ్చి అందులో వేసేవాడు. ఆ బిడ్డ హాయిగా నిద్రపోతేనే చిలక ముద్ర. లేదంటే ఆ తొట్టె పొయ్యిలోకే.

ఆ చిలక ముద్ర నాంచారమ్మ అత్తవారిది. మొగుడు పోయాక ఉలీ బాడిసా ఆవిడే పట్టింది. చెయ్యి ఎంత నేర్పో, నోరు అంత పదును. "నాంచారమ్మ నోట్లో పడేకన్నా నూతిలో పడటం నయం" అని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆ తొట్టెలను కొని దేశమంతా అమ్మేవాడు షావుకారు పానకాలయ్య. పేరులో పానకం, మాటలో పానకం. కడుపులో ఏముందో ముందు ముందు మీరే చూద్దురుగాని.

ఒకనాడు పానకాలయ్య వచ్చి, "నాంచారమ్మా, తొట్టెల చుట్టూ గడ్డి పరిచి గోనెల్లో కట్టే పని కూడా మీరే చెయ్యాలా? వాగు అవతల బీడుపల్లెలో వానల్లేక జనం పస్తులున్నారు. గంజి పోసినా చాలు, చేస్తారు. ఆ పని వాళ్ళకిస్తాను" అన్నాడు.

పస్తులున్నవాళ్ళకు పని దొరికితే మంచిదే కదా అనుకుంది నాంచారమ్మ. సరేనంది.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. "కొయ్య పట్టెలు మీరు చెక్కండి, చాలు. వాటిని బిగించి తొట్టెగా నిలబెట్టే పని కూడా బీడుపల్లెకే పంపుతున్నాను."

"వాళ్ళు చేలో పనిచేసేవాళ్ళు. బిగింపు ఒక్కరోజులో వచ్చే విద్యా?" అని లేచింది నాంచారమ్మ.

"సుత్తి ఎత్తి దించడం ఎవరికి రాదు?" అని నవ్వాడు పానకాలయ్య. ఊరిపెద్దలు అప్పటికే ఆయన ఇంట్లో విందులు తిని ఉన్నారు. అందరూ తలలూపారు. గంగిరెద్దులు నయం, బూర మోగితే గానీ ఊపవు.

మూడోసారి వచ్చి చెయ్యి చాచాడు. "ఆ ముద్ర ఇలా ఇవ్వు. బీడుపల్లెలో కట్టిన తొట్టెను మళ్ళీ వాగు దాటించి ఇక్కడికి తేవడం దండగ."

"మరి రాతిబిడ్డను ఊపేదెవరు?"

"ఇంకా రాతిబిడ్డలేమిటే, ఆడుకోవడానికా? పొత్రంతో పచ్చడి నూరుకో."

"ముద్ర ఇవ్వను. నా ప్రాణం పోయినా ఇవ్వను" అంది నాంచారమ్మ.

ఇవ్వకపోతే ఆగుతాడా? కమ్మరి చేత అలాంటి ముద్రలే చేయించి, గంపకెత్తి బీడుపల్లెకు పంపాడు. ఒకటి తెచ్చి ఆవిడ ముఖం ముందే ఆడించాడు. "ఇది నీ చిలక, ఇది నా చిలక. కంటికి తేడా తెలియనప్పుడు ఇక తేడా ఎక్కడుంది?"

నాంచారమ్మ ఇంటికి పని రావడం మానేసింది. ఉలికి తుప్పు పట్టింది. ఆవిడ పళ్ళు నూరుకుంటూ కూర్చుంది.

ఇలా ఉండగా ఒక పొద్దున సాలెవీధి మంగతాయి వచ్చి వాకిట్లో నిలబడింది. చంకలో పసిబిడ్డ. బిడ్డ చేతికి వెదురుబద్దలతో కట్టు. ఏడ్చి ఏడ్చి ఆ బిడ్డకు గొంతు పోయింది. మంగతాయి రెండో చేతిలో విరిగిన తొట్టె పట్టె ఉంది. దాన్ని నాంచారమ్మ కాళ్ళ ముందు విసిరికొట్టింది.

"నీ చిలకే కదా ఇది? నీ చేతులు పడిపోను! నీ చిలకను నమ్మే కదా నా బిడ్డను పడుకోబెట్టాను!"

నాంచారమ్మ వంగి పట్టె తీసింది. అందులోంచి ఊడిపోయిన చీల ఒకటి చేతికి తగిలింది. పచ్చి కొయ్యతో చేసిన చీల అది. కొట్టినప్పుడు బిగుతుగానే ఉంటుంది. ఎండేకొద్దీ సన్నబడి, ఎవరికీ చెప్పకుండా ఊడి వచ్చేస్తుంది.

'అమ్మో! ఇలాంటివి ఎన్ని ఇళ్ళల్లో ఊగుతున్నాయి? ఎందరు పసివాళ్ళు ఈ క్షణాన వాటిలో నిద్రపోతున్నారు?' అనుకుంది. ఇక ఆవిడకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు.

కొంగు బిగించి, వాగు దాటి, బీడుపల్లె మీద పడింది. "బుద్ధుందా మీకు? పసిబిడ్డలు పడుకునే తొట్టెలో పచ్చి చీలలు కొడతారా?"

పోలక్క అనే ముసలావిడ సుత్తి కింద పెట్టింది. "అరవకమ్మా. చీలలు పచ్చిగా ఉన్నాయని మేమూ చెప్పాం. 'ఇచ్చింది కొట్టండి, మీరు కాకపోతే ఇంకో పల్లె ఉంది' అన్నాడు షావుకారు. పైగా మాలో ఎవరికీ తొట్టె మొత్తం తెలియదు. ఒకరం చీల కొడతాం, ఒకరం తాడు కడతాం, ఒకరం గోనె కుడతాం. మా పిల్లలా? అదుగో, చీర ఉయ్యాలల్లో ఉన్నారు. ఈ తొట్టె మా మొహాలకు ఎక్కడిది?"

నాంచారమ్మ చూసింది. పాకల్లో వాసాలకు పాత చీరలు వేలాడుతున్నాయి. ఎవరి మీద కోపంతో వచ్చిందో, ఆ కోపం ఇక వాళ్ళ మీద నిలవలేదు. ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది.

అక్కడి నుంచి తిన్నగా పానకాలయ్య కొట్టుకు నడిచింది. విరిగిన పట్టె చూపించి, "అమ్మిన తొట్టెలన్నీ వెనక్కి తెప్పించండి. ఈరోజే తెప్పించండి" అంది.

పానకాలయ్య తాంబూలం నములుతూ, "పడింది ఒక్క పిల్లే కదా. ఆ తల్లి మరీ జోరుగా ఊపి ఉంటుంది. అంతగా అయితే తప్పు బీడుపల్లె వాళ్ళది. వాళ్ళను మాన్పించి ఇంకా చవగ్గా చేసే పల్లెకు ఇస్తాలే" అన్నాడు.

విన్నారా పిల్లలూ? ఒక్క పిల్లేనట! ఆ ఒక్క పిల్లకూ ఒక అమ్మ ఉందని ఆ తాంబూలం నోటికి తట్టలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే పానకాలయ్యకు మనవడు పుట్టాడు. గుమాస్తా దొడ్డిదారిన నాంచారమ్మ ఇంటికి వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బారసాలకు సాక్షాత్తూ మహారాజు వస్తున్నారమ్మా. మనవడి తొట్టె నీ చేతిమీదుగానే రావాలన్నారు షావుకారుగారు. చేవ కొయ్య వెయ్యమన్నారు. చీలలు బాగా ఎండినవి చూడమన్నారు. ఆ... రాతిబిడ్డను ఊపడం మాత్రం మరిచిపోవద్దన్నారు."

నాంచారమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓరి వీడి పానకం పాడుగాను! తెలుసన్నమాట. అన్నీ తెలిసే చేస్తున్నాడన్నమాట!" అంది. మళ్ళీ అంతలోనే గొంతు సర్దుకుని, "తొట్టె నేనే తెస్తానని చెప్పు. చిలక ముద్ర తొట్టే తెస్తానని చెప్పు" అంది.

బారసాల నాడు పానకాలయ్య ఇల్లు జనంతో కిటకిటలాడింది. మహారాజు వచ్చి పెద్దపీట మీద కూర్చున్నాడు. నాంచారమ్మ తొట్టె తెచ్చి, దూలానికి గొలుసులతో వేలాడదీసింది. పూలదండలు చుట్టింది.

పానకాలయ్య ముద్రను చేత్తో తడిమి మురిసిపోయాడు. "చూడండి మహారాజా, మా చిలక ముద్ర! నేను అమ్మే ప్రతి తొట్టే ఇలాంటిదే. మన రాజ్యంలో పసివాళ్ళందరూ ఇందులోనే నిద్రపోతున్నారు" అని, మనవణ్ణి రెండు చేతుల్లోకి తీసుకుని వంగాడు.

"ఆగండి షావుకారుగారూ" అంది నాంచారమ్మ. "ఒక్కమాట. ఈ తొట్టె నేను కట్టింది కాదు. మీ కొట్లోనే కొన్నాను. ఇక వెయ్యండి మీ మనవణ్ణి."

పాము కనబడితే వెనక్కి గెంతినట్టు గెంతాడు పానకాలయ్య. బిడ్డను గుండెకు హత్తుకున్నాడు.

మహారాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమైంది షావుకారూ? ఎందుకు వెనక్కి తగ్గావు?"

"దుర్ముహూర్తం వచ్చింది మహారాజా."

"లేదే, అమృతఘడియలు నడుస్తున్నాయి" అన్నాడు పక్కనున్న పురోహితుడు.

"అది కాదు... బిడ్డకు నిద్ర వస్తోంది."

"నిద్ర వస్తేనే కదయ్యా తొట్టెలో వేసేది" అన్నాడు మహారాజు.

పానకాలయ్య నుదుటి మీది చెమట నామంలోకి కారింది. "మహారాజా... అది... అది నా కొట్టులోది!" అనేశాడు.

నాంచారమ్మ చీరలో చుట్టిన పొత్రాన్ని తీసి తొట్టెలో పడుకోబెట్టింది. ఒకసారి ఊపింది. తొట్టె ఊగింది. రెండోసారి ఊపింది. పట్టె కిర్రుమంది. మూడోసారి ఊపేసరికి చీల ఊడి, అడుగు చెక్క జారి, రాతిబిడ్డ దభీమని నేలమీద పడింది. గచ్చు పగిలింది. ఆ చప్పుడుకు తల్లులందరూ ఒక్కసారి తమ పిల్లలను దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడు తెరిచింది నాంచారమ్మ నోరు.

"కంటికి తేడా తెలియనప్పుడు తేడా ఎక్కడుందని అడిగావు కదయ్యా! ముద్ర తడిమి నువ్వే పోల్చుకోలేకపోయావు. మరి ఆ మంగతాయి ఎలా పోల్చుకుంటుంది? నీ మనవడైతే ఎండిన చీల కావాలి, ఊరివాళ్ళ బిడ్డకైతే పచ్చి చీల చాలునా? నీ బిడ్డ బిడ్డా, మా బిడ్డలు గుమ్మడికాయలా? చవగ్గా చేయించుకున్నది చాలక, పాపం కూడా ఆ పస్తులున్న పల్లె నెత్తినే రుద్దుతావా? సిగ్గులేదూ!"

పానకాలయ్య కోడలే వచ్చి, మామగారి చేతుల్లోంచి తన బిడ్డను తీసేసుకుంది.

మహారాజు లేచి నిలబడ్డాడు. "అమ్మా, నీకు ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"నాకు కానుకలొద్దు మహారాజా. ఆ తొట్టెల్లో ఇంకా పిల్లలు పడుకుని ఉన్నారు. ముందు వాళ్ళను దింపించండి."

మహారాజు గుర్రాల మీద వార్తాహరులను నాలుగు దిక్కులకూ పరుగెత్తించాడు. తొట్టెలన్నీ వెనక్కి తేవలసిన బరువు పానకాలయ్య మీదే పెట్టాడు. బండి మీద కాదు, నెత్తిమీద. ఇల్లిల్లూ తిరిగి, ప్రతి తల్లి ముందూ తలవంచి, పాత తొట్టె తీసుకుని కొత్తది ఇవ్వాలి. ఏ ఊళ్ళో తల్లులు ఏమన్నారో నేను చెప్పను, ఇక్కడ చిన్నపిల్లలున్నారు.

బీడుపల్లె పని పోలేదు. పోలక్క మనుషులు తొట్లపాలెం వచ్చి, నాంచారమ్మ దగ్గర తిట్లు తింటూ తొట్టె మొత్తం కట్టడం నేర్చుకున్నారు. వాగుకు ఇవతల ఎంత కూలో అవతలా అంతే కూలి అని రాజు చాటింపు వేయించాడు. ఇప్పుడు ముద్ర ఎవరు వేసినా, ముందు రాతిబిడ్డను ఊపి, తర్వాత తమ బిడ్డను పడుకోబెట్టాకే వెయ్యాలి. అలా బీడుపల్లె పసివాళ్ళు మొదటిసారి తొట్టెల్లో ఊగారు.

మంగతాయి బిడ్డ చెయ్యి అతుక్కుంది గానీ కాస్త వంకరగానే ఉండిపోయింది. దాన్ని సరిచేయడం రాజు వల్ల కూడా కాలేదు. అది కనబడినప్పుడల్లా నాంచారమ్మకు ఒళ్ళు మండేది. ఆ మంట ఆవిడ ఆర్పుకోనూ లేదు.

అందుకే పిల్లలూ, పని ఎవరి చేత చేయించినా, పేరు పెట్టుకున్నవాడిదే పూచీ. తన బిడ్డను పడుకోబెట్టలేని తొట్టెను పరుల బిడ్డకు అమ్మకూడదు.