పదిహేడో ఆధారం

2019 నవంబరు 22, శుక్రవారం, కార్తీక బహుళ ఏకాదశి. మధ్యాహ్నం మూడుంపావు. ఒంగోలు లాయరుపేటలో జ్ఞానప్రసూన గారి ఇంటి ముందుగదిలో మృదుల ఆ ప్రశ్న అడిగిన వేళ అది. ఆ ఇంట్లో పుట్టినరోజులూ తద్దినాలూ అన్నీ నోటికే ఉంటాయి. ఈ తేదీని మాత్రం ఎవరూ పైకి అనరు.

"అచ్చులో ఆవిడ పేరు ఎక్కడా రాదు కదమ్మగారూ. నా ఫైల్లో, నా కోసం నేను పెట్టుకున్న గుర్తులో ఉంటే ఎవరికి నష్టం?"

జ్ఞానప్రసూన గారు ముప్పై ఏళ్ళు కాలేజీలో సమాజశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. శిష్యులు ఏదైనా అడిగితే వాదించే అలవాటు ఆవిడకు మొదటినుంచీ లేదు. ఏదో ఒక చిన్న పని పురమాయించేవారు. ఆ పని అయ్యేసరికి అడిగినవాళ్ళకు మళ్ళీ అడగాలనిపించేది కాదు. మృదుల ఆవిడ దగ్గర చేరి ఐదేళ్ళయింది. సోమవారం నాటికి సిద్ధాంతగ్రంథం యూనివర్సిటీకి చేర్చాలి. అందుకని నెల్లాళ్ళుగా ఆ ఇంట్లోనే ఉండి, వాళ్ళు పెట్టింది తిని, పగలల్లా రాసుకుంటోంది.

పలకల రాయి కోసే ఒక ఊళ్ళో, ఆ పొడి పీల్చి ఊపిరి చెడిన కూలీల ఇళ్ళ గురించి ఆమె రాస్తున్నది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అరవై ముగ్గురు ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడింది. వాళ్ళలో ఒకావిడను మనం ఆదెమ్మ అందాం. అసలు పేరు అది కాదు. ఆవిడ భర్త ఇరవై రెండేళ్ళు రాయి కోశాడు. గుండెల్లో పొడి పేరుకుని, నాలుగడుగులు వేస్తే కూలబడే స్థితికి వచ్చాడు. పొడి వల్ల వచ్చిన జబ్బని రాస్తే నష్టపరిహారం ఇవ్వాలి కనుక, ఫ్యాక్టరీ తరఫు డాక్టరు క్షయ అని రాశాడు. చదవనివ్వకుండానే మేస్త్రీ ఆ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. తలుపు గడియ పెట్టి, గొంతు తగ్గించి, ఆదెమ్మ ఇదంతా చెప్పింది. చెప్పి, "నా పేరు రాయబాక తల్లీ. మేమున్న ఈ ఇల్లు గూడా వాళ్ళదే" అంది. మృదుల ఆవిడ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

ఆ మాట తప్పాలని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆమె రాసే పద్ధతి ఒకటుంది. హంగులేమీ లేని, ఒట్టి అక్షరాలు మాత్రమే ఉండే ఫైల్లో రాస్తుంది. ఎక్కడ ఆధారం చూపించాలో అక్కడ వివరమంతా రాయదు. ఒక '@' కొట్టి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి గుర్తు పెడుతుంది. పూర్తి వివరాలు వేరే జాబితాలో ఉంటాయి. చివర్లో ఒక్క ఆజ్ఞ ఇస్తే కంప్యూటరే ప్రతి గుర్తునూ ఆ జాబితాలో వెతికి, దాని చోట అచ్చులో ఉండవలసింది పెడుతుంది. పుస్తకమైతే రచయిత పేరూ సంవత్సరమూ వస్తాయి. ఆదెమ్మ మాటైతే 'సమాచారదాత 17' అని వస్తుంది, అంతే. కానీ గుర్తులు పెట్టుకునేది రాసే మనిషి. మృదుల తనకు జ్ఞాపకం ఉండేలా పెట్టుకుంది: ముందు మనిషి పేరు, తరవాత ఇంటి ఆనవాలు.

వాటికి బదులు అంకెలు పెట్టుకొమ్మని జ్ఞానప్రసూన గారు అప్పటికి రెండుసార్లు అన్నారు. ఆ రోజు మూడోసారి అనేసరికి మృదుల మనసు కష్టపెట్టుకుంది. "అంకెలైతే పదిహేడు కొట్టబోయి ఇరవై ఏడు కొడతానమ్మగారూ. ఒకావిడ ఏడుపు ఇంకొకావిడ నోట్లో పెట్టినట్టవుతుంది. అది ఇంతకన్నా పెద్ద తప్పు కాదూ? పేరుంటే పొరపాటు పడను" అని, ఆ మీదట ఆ ప్రశ్న అడిగింది. బద్ధకానికి అన్న మాట కాదది. అందుకే ఆవిడ కోప్పడలేదు. లోపలికి చూసి, "అక్కయ్యా, ఒక్కసారి ఇలా వస్తావా?" అని పిలిచారు.

సుందరమ్మ గారు ఆవిడకు పెద్ద తోడికోడలు. ఇద్దరూ భర్తలు పోయాక ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఏకాదశి ఉపవాసం, చేతిలో జపమాల. "నోట్లో నామం ఉండగా పిలుస్తావేమే? ఏకాదశి పూటైనా ఆ పెట్టె ముందు నుంచి లేవరు కదా గురుశిష్యులు!" అంటూ వచ్చి కూర్చున్నారు.

"నీ కళ్ళజోడు పెట్టుకుని, ఈ వంకర అక్షరం కనబడ్డ చోటల్లా పక్కనున్న ఇంగ్లీషు ముక్క చదివి పెట్టు."

"అరవై ఏళ్ళ నాటి ఎస్సెల్సీ నాది. పరీక్షా ఇప్పుడు?" అని నవ్వి, ఆవిడ తెర మీద వేలు ఆనించి కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టారు. మొదటిది ఏదో పుస్తకం. రెండోది ప్రభుత్వ నివేదిక. మూడో దగ్గర వేలు ఆగింది.

"ఏ, డీ, ఈ... ఆదెమ్మ. తరవాత చర్చి. తరవాత వెనక. ఆదెమ్మ, చర్చి వెనక! ఏమిటే అమ్మాయ్ ఇదీ? ఉత్తరం మీద చిరునామా రాసినట్టు రాశావు." వేలు పక్క వాక్యానికి జరిగింది. అది తెలుగు కనుక గబగబా చదివేశారు. "'మేస్త్రీ వేలిముద్ర వేయించుకున్నాడు. ఏం రాశారో మాకు తెలీదు.' అయ్యో, పాపం. ఈ ఊరెళ్ళి ఆటోవాణ్ణి చర్చి దగ్గర దింపమంటే, నేను కూడా తిన్నగా పోయి ఈవిడ తలుపు కొట్టగలను."

మృదుల తెర తనవైపు తిప్పుకుంది. "కానీ ఈ ఫైలు ఎవరూ చూడరు పెద్దమ్మగారూ" అంది. అంటూండగానే ఆమెకు బుధవారం గుర్తొచ్చింది.

జ్ఞానప్రసూన గారు శిష్యురాలి ముఖం చూస్తున్నారు. "ఎవరికిచ్చావు?" అన్నారు మెల్లిగా.

యేసుపాదానికి ఇచ్చింది. ఆ ఊళ్ళో ఆమెను రెండేళ్ళు ఇంటింటికీ తిప్పిన ఆటో డ్రైవరు అతను. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. "మా ఊరి గురించి ఏం రాసినారో మాకూ సదవాలని ఉండదా మేడం?" అని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. బుధవారం నాడు ఒక అధ్యాయం, అచ్చుకు సిద్ధమైన రూపంలోనే పంపింది. అతని ఫోన్లో తెలుగు అక్షరాలు ముక్కలు ముక్కలుగా, గుణింతాలు ఊడి కనబడ్డాయి. పాపం చదువుకోలేకపోయాడే అని, ఏ ఫోన్లోనైనా కనబడుతుంది కదా అని, ఒట్టి అక్షరాల ఫైలు పంపింది.

జ్ఞానప్రసూన గారు ఫోను తీసి ఆమె చేతికిచ్చారు. స్పీకరు పెట్టమన్నారు.

"ఆ, మేడం! శానా బాగుంది మేడం. ఈసారి అక్షరాలు సక్కంగా వచ్చినాయి. మధ్యన ఏవో ఇంగ్లీషు ముక్కలు, అయ్యి నాకు అర్థం గాలా. నిన్ననే మా ఊరి వాట్సాప్ గ్రూపులో బెట్టినా. నూట ఎనభై మందిమి ఉన్నాం. మన కష్టం పుస్తకానికెక్కిందిరా అని అందరూ ఒకటే మెచ్చుకోవడం."

"అందులో మేస్త్రీ ఉన్నాడా అన్నా?"

"ఎందుకు లేడు మేడం, ఇంగ్లీషు గూడా వచ్చినోడు, ఆయనా సదివినాడు."

మృదుల కుర్చీ చెయ్యి పట్టుకుంది. "ఆదెమ్మ గారు ఎలా ఉన్నారు?"

యేసుపాదం గొంతు తగ్గించాడు. "ఏందో తెలవడం లేదు మేడం. పొద్దున్నే ఇద్దరు మనుషులొచ్చి సామాను బయట పడేసి తాళం ఏసినారు. ఆమెను పనిలోకి గూడా రావద్దన్నారంట. పుస్తకంలో ఆమె పేరన్నా లేదే అని నేను మేస్త్రీతో కొట్లాడినా మేడం. ఆయన నవ్వి పోయినాడు. ఇక్కడే ఉంది, ఇస్తా ఉండండి."

ముందు దగ్గు వినబడింది. అది ఆవిడది కాదు, పక్కనున్న మనిషిది. లోపల ఏదో గీసుకుపోతున్నట్టు, ఆగకుండా. దాని మీదుగా ఆదెమ్మ గొంతు వచ్చింది.

"రాయనంటివి గదా తల్లీ."

మృదుల ఫోను ఇంకా దగ్గరికి పట్టుకుంది.

"నువ్వు రాయలేదనే అంటన్నాడు యేసుపాదం. అందరినీ అడిగినా. యాడా నా పేరు లేదనే అంటన్నారు. మరి వాడికెట్టా తెలిసింది? దేవుడు జెప్పినాడా?" ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నది. "మా వీధిలో నలుగురైదుగురం ఆడోళ్ళం నీతో మాట్లాడితిమి. వాళ్ళల్లో ఎవురో జెప్పుంటారని పొద్దున్నించీ ఒక్కొక్కరినీ తిడతా ఉండా. ఈయనకి మాత్రలు రేపటిదాకానే ఉండాయి. ఫ్యాక్టరీ ఆసుపత్రిలో ఇంక ఇయ్యరంట."

"ఆదెమ్మ గారూ, ఎవరూ చెప్పలేదు. నేనే..." అని మృదుల అనేసరికి లైను తెగింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నాలుగుసార్లు చేసింది.

సుందరమ్మ గారు జపమాల ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. జ్ఞానప్రసూన గారు తిట్టి ఉంటే బాగుండుననిపించింది మృదులకు. ఆ సాయంత్రం ఆమె అరవై మూడు గుర్తులనూ ఒక్కొక్కటిగా అంకెలు చేసింది. ఎక్కడా పొరపాటు పడలేదు. పదిహేడు దగ్గరికి వచ్చినప్పుడు ఆ అంకె చాలాసేపు కొట్టలేకపోయింది, కొట్టాక చాలాసేపు చూడలేకపోయింది. యేసుపాదానికి సంగతి చెప్పి, గ్రూపులోంచి ఫైలు తీసేయించింది. అప్పటికి దాన్ని ఎంతమంది దింపుకున్నారో అతనికి తెలియదు. అందులో ఇంకా నలుగురు ఆడవాళ్ళ పేర్లున్నాయి. దీపాల వేళకు వెళ్ళి, "అన్నీ మార్చేశానమ్మగారూ" అని చెప్పింది. ఆవిడ తలూపి, "మంచిది" అని, మర్నాటి మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోమన్నారు.

మర్నాడు ద్వాదశి. ఉపవాసం ఉన్నవాళ్ళు పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి నైవేద్యం పెట్టి, పారణ చేయవలసిన రోజు. ఆ ఇంట్లో ఏ కష్టానికీ అది తప్పలేదంటారు. ఆవేళ తప్పింది. సుందరమ్మ గారు దీపం మాత్రం పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో తనే వెనకగది ఖాళీ చేయడానికి పూనుకున్నారు. మంచాలు రెండు చాలునా, నులకమంచం మీద దగ్గే మనిషికి ఒళ్ళు నొప్పి చేయదూ అని తనలో తను అనుకుంటున్నారు. మృదుల సాయం చేయబోతే, "నువ్వు బయల్దేరవే తల్లీ, ఇది నేను చూసుకుంటా" అన్నారు. గురువూ శిష్యురాలూ ఐదుంపావు బస్సెక్కారు. మందుల షాపు తెరిచే వేళకు ఆ ఊళ్ళో దిగి, యేసుపాదం చెప్పిన మాత్రలు నెలకు సరిపడా కొన్నారు.

చర్చి వెనక ఇంటికి కొత్త తాళం వేలాడుతోంది. ఇరుగుపొరుగు తలుపులన్నీ మూసి ఉన్నాయి. లోపల మనుషులున్నారని వంటపొగ చెబుతోంది. చర్చి వసారాలో మూటలు, ఒక బిందె, రేకుపెట్టె. మూటలకు ఆనుకుని ఒక మగమనిషి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఛాతీ మాత్రం ఎగిరెగిరి పడుతోంది. పక్కనే ఒకావిడ అటు తిరిగి, మూతలో నీళ్ళు పోసి ఆయన పెదాలకు తగిలిస్తోంది.

పది అడుగుల దూరంలో మృదుల కాళ్ళు ఆగిపోయాయి.

"ఏమని పిలవనమ్మగారూ?"

జ్ఞానప్రసూన గారు నిన్నటినుంచి మొదటిసారి ఆమె వైపు పూర్తిగా తిరిగారు.

"పేరు పెట్టే పిలువమ్మా. ఇంక దాచేందుకు ఏం మిగిలింది?"